గిరాకీకి ఎన్ని ఇంగ్లిష్ పేర్లో!

ఏ రోజు పేపరైనా సరే, ఒకసారి తిరగేసి చూడండి. మొదటి పేజీలో అంగన్‌వాడీ కార్యకర్తల డిమాండ్లు ఉంటాయి. బిజినెస్ పేజీలో బంగారానికి డిమాండ్, చదువుల పేజీలో డిమాండ్ ఉన్న కోర్సులు, జిల్లా ఎడిషన్‌లో గుంటూరు మిర్చికి డిమాండ్. ఇక పెళ్లి సంబంధం మాట్లాడుకునే చోట పెద్దలు గొంతు తగ్గించి ‘మీకేమైనా డిమాండ్స్ ఉన్నాయా’ అని అడిగితే అది కట్నం గురించే. కట్నం డిమాండ్ చేయడమే నేరమని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం చెబుతున్నా ఆ మాట ఇంకా మన ఇళ్లలో తిరుగుతూనే ఉంది.

ఇన్ని పనులకూ ఒకే మాట. తెలుగులో మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది లేదు, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. చిక్కంతా అదే మాటను తిరిగి ఇంగ్లిష్‌లోకి పట్టుకెళ్లినప్పుడు వస్తుంది. జనం దేనికోసం ఎగబడుతున్నారో, ఎవరి కోసం వెతుకుతున్నారో చెప్పడానికి ఇంగ్లిష్‌లో పదుల కొద్దీ మాటలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పుట్టుక, ఒక్కో మర్యాద. ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పెడితే పొగడ్త కాస్తా ఫిర్యాదైపోతుంది. ఉద్యోగాల కోసం, పై చదువుల కోసం ఇంగ్లిష్‌లో ఉత్తరాలు రాసే పిల్లలు లక్షల్లో ఉన్న తెలుగు నేల మీద ఈ తేడా తెలియడం చాలా అవసరం.

హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మెట్లెక్కితే ‘ఇది బాగా డిమాండింగ్ కోర్స్ అండీ’ అన్న మాట వినిపిస్తుంటుంది. ఆ కోర్సు చేసినవాళ్లకు ఉద్యోగాలు బాగా వస్తున్నాయన్నది చెప్పేవారి ఉద్దేశం. ఇంగ్లిష్ వాడుక తెలిసినవారికి మాత్రం అది ఒళ్లు హూనం చేసే కోర్సని అర్థమవుతుంది. ‘డిమాండింగ్’ అంటే మన నుంచి ఎక్కువ రాబట్టేది. డిమాండింగ్ ఉద్యోగం ఊపిరి సలపనివ్వదు. డిమాండింగ్ మనిషికి ఎంత చేసినా తృప్తి ఉండదు. ‘ఐ యామ్ వెరీ డిమాండింగ్’ అని ఇంటర్వ్యూలో చెప్పిన కుర్రాడు తన గిరాకీ చెప్పుకున్నాననుకుంటాడు. ఎదుటివారికి మాత్రం ఇతనితో వేగడం కష్టమని వినిపిస్తుంది. అతను వాడాల్సింది ‘ఇన్ డిమాండ్’.

దీనికి ‘ఆన్ డిమాండ్’ అని ఇంకో తోబుట్టువు ఉంది. పరీక్ష ఫీజు కట్టడానికి బ్యాంకు ముందు నిలబడి డీడీ తీసిన తరానికి ఇది బాగా తెలిసినదే. డిమాండ్ డ్రాఫ్ట్ అంటే చూపించి అడగ్గానే సొమ్ము చెల్లించాల్సిన పత్రం. ఇప్పటి పిల్లలకు ‘వీడియో ఆన్ డిమాండ్’గా తెలుసు. అడిగిన క్షణాన దొరికేది ఆన్ డిమాండ్. అందరూ అడుగుతున్నందువల్ల దొరుకుతుందో లేదో తెలియనిది ఇన్ డిమాండ్. రెండక్షరాల ముక్క మారితే అర్థం దాదాపు తలకిందులవుతుంది.

లాటిన్‌లో ఈ మాటకు మూలమైన ‘డెమాండారే’కి అప్పగించడం అని అర్థం. ఫ్రెంచిలోకి వచ్చేసరికి మామూలుగా అడగడం అయింది. ఇంగ్లిష్‌లో చేరాక గొంతు పెంచి, హక్కుతో అడగడంగా మారింది. మన కార్మిక సంఘాలు పట్టుకున్నది ఈ అర్థాన్నే. అంగట్లో సరుకుకి ఉండే గిరాకీ అన్న అర్థం ఆర్థికశాస్త్రంతో స్థిరపడింది. 1776లో వచ్చిన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో ఆడమ్ స్మిత్ ఒక గీత గీశాడు. పేదవాడికి కూడా ఆరు గుర్రాల బండి కావాలని ఉండొచ్చు. కానీ అతని కోరికను తీర్చడానికి ఆ బండి ఎన్నడూ బజారుకు రాదు. ధర చెల్లించగలవాడి కోరికే లెక్కలోకి వచ్చే గిరాకీ. దానికి ఆయన పెట్టిన పేరు ‘ఎఫెక్చువల్ డిమాండ్’.

ఈ గీత మీద కాసేపు నిలబడి ఆలోచించాలనిపిస్తుంది. పాడేరు మన్యంలో, ఆదిలాబాద్ గూడేల్లో స్పెషలిస్టు డాక్టర్ల అవసరం ఎంత ఉందో అక్కడి తల్లులను అడిగితే చెబుతారు. అయినా మార్కెట్ భాషలో ఆ డాక్టర్లకు ‘డిమాండ్’ నగరంలోనే. అవసరానికి ఇంగ్లిష్‌లో ‘నీడ్’ అన్న వేరే మాట ఉంది. విధానాల గురించి రాసేవారు, మాట్లాడేవారు ఈ రెండింటినీ కలిపేస్తే, చెల్లించలేనివారు లెక్కలోంచే జారిపోతారు.

కొరత సంగతీ ఇంతే. 2023 జులైలో టమాటా కిలో కొన్నిచోట్ల 200 రూపాయలు దాటింది. ‘టమాటాకు భారీ డిమాండ్’ అని శీర్షికలు వచ్చాయి. నిజానికి అంతకుముందు నెలకన్నా మనమేమీ ఎక్కువ పప్పుచారు కాచుకోలేదు. పంట దెబ్బతిని సరుకు రావడం తగ్గింది, అంతే. దాన్ని ఇంగ్లిష్‌లో ‘షార్టేజ్’ అనాలి, ‘స్కేర్స్’ అనాలి. అదే మదనపల్లె మార్కెట్‌కు లారీలు పోటెత్తి, కూలి కూడా గిట్టక రైతులు టమాటాను రోడ్డు పక్కన పారబోసినప్పుడు వాడే మాట ‘గ్లట్’. జనం తినడం అప్పుడూ మానలేదు. ధర పెరిగిన ప్రతిసారీ డిమాండ్ అని రాస్తే, నెపం తినేవాళ్ల మీదకు పోతుంది. అసలు కారణమైన వాన, తెగులు, గోదాముల లేమి వార్తలో కనిపించకుండా పోతాయి.

బజారులో పుట్టిన మాటలు

తెలుగు పత్రికల్లో పాతుకుపోయిన ‘హాట్ కేకుల్లా అమ్ముడుపోయాయి’ అన్న మాట చదివినప్పుడు చాలామందికి పుట్టినరోజు కేకు గుర్తొస్తుంది. బేకరీ అద్దాల వెనక చల్లగా కూర్చునే ఆ కేకుకూ దీనికీ సంబంధం లేదు. అమెరికాలో హాట్ కేక్ అంటే పెనం మీద పోసి, వేడివేడిగా పళ్లెంలోకి తీసే పాన్‌కేక్. సంతల్లో, చర్చి వేడుకల్లో వాటిని పోస్తూనే ఉండేవారు, జనం పట్టుకుపోతూనే ఉండేవారు. మన పెనం మీది అట్టు లాంటిదన్నమాట, చల్లారితే రుచి పోతుంది కాబట్టి ఆగే పని లేదు. 1839 నాటికే అక్కడ ఈ పోలిక కథల్లోకి ఎక్కింది. అంచేత వేగంగా, చూస్తుండగానే అయిపోయే సరుకుకే ఇది నప్పుతుంది. పది నెలల పాటు నిదానంగా అమ్ముడైన ఫ్లాట్లకు హాట్ కేకుల పోలిక పెట్టడం సరికాదు. మనిషికైతే అసలు పెట్టకూడదు.

‘బెస్ట్ సెల్లర్’ది లెక్కల స్వభావం. 1895లో న్యూయార్క్ పత్రిక ‘ది బుక్‌మన్’ అమెరికా నగరాల పుస్తకాల షాపుల్లో ఏ పుస్తకాలు ఎక్కువగా పోతున్నాయో వరుస కట్టి అచ్చువేయడం మొదలుపెట్టింది. 1931లో ‘న్యూయార్క్ టైమ్స్’ ఆ దారి పట్టింది. ఫలానా కాలంలో ఎన్ని ప్రతులు పోయాయన్నది ఒక్కటే ఆ మాట చెబుతుంది. పుస్తకం మంచిదా కాదా, పదేళ్ల తర్వాత ఎవరైనా అడుగుతారా అన్నవి దాని పరిధిలో లేవు. ఏళ్ల తరబడి అడుగుతూనే ఉండే పుస్తకానికి ‘పెరెన్నియల్’ అన్న మాట వాడతారు. ఏటా నాటక్కర్లేకుండా మళ్లీమళ్లీ చిగురించే మొక్కలకు పెట్టిన పేరది. 1950లో పుస్తకంగా వచ్చిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ ఈనాటికీ విజయవాడ పుస్తకాల పండుగలో చేతులు మారుతోంది. దాన్ని బెస్ట్ సెల్లర్ అంటే తక్కువ చేసినట్టే, పెరెన్నియల్ అనడమే న్యాయం.

గోదావరి జిల్లాల పులసను ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి? పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత పుట్టించిన చేప అది. వరదనీటికి సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుకుంటూ వచ్చే ఇలస, ధవళేశ్వరం వైపు చేరేసరికి పులస అవుతుంది. ఆ కొద్ది వారాలే దొరకడం. యానాం రేవులో ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. కోరేవాళ్లు ఎక్కువ, దొరికేది తక్కువ, అందుకని ధర ఎక్కువ. ఈ మూడింటినీ ఒక్కచోట చేర్చే మాట ‘అట్ ఎ ప్రీమియం’. లాటిన్‌లో ‘ప్రయెమియం’ అంటే దోపిడీ సొమ్ములో దక్కిన వాటా, బహుమానం. మనం ఇవాళ ప్రీమియం ఫ్లాటు, ప్రీమియం బియ్యం అని ప్రతి ప్రకటనలోనూ వాడి దాన్ని అరగదీశాం కానీ, పులసకు అది ఇప్పటికీ అతికినట్టు సరిపోతుంది.

పిచ్చి ముదిరితే

కోరిక హద్దు దాటినప్పుడు అన్ని భాషలూ పిచ్చి వైపే చూస్తాయి. ‘క్రేజ్’ అసలు అర్థం పగలడం, బీటలు వారడం. పింగాణీ గిన్నె మీద సన్నని పగుళ్లు వస్తే కుండలు చేసేవారు ఈనాటికీ ‘క్రేజింగ్’ అనే అంటారు. పగిలిన గిన్నె నుంచి చెదిరిన మనసుకు, మనసు నుంచి ఊరంతా పాకిన మోజుకు ఆ మాట ప్రయాణం చేసింది. ‘ఆల్ ద రేజ్’లోని రేజ్ లాటిన్ ‘రేబీస్’ నుంచి వచ్చింది, కుక్కకాటు జబ్బుకున్న పేరే. ‘మేనియా’ గ్రీకు ఉన్మాదం. నెదర్లాండ్స్‌లో తులిప్ దుంపల ధరలు ఆకాశానికెక్కి 1637 ఫిబ్రవరిలో కుప్పకూలిన ఉదంతానికి తులిప్ మేనియా అని పేరు. పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ కచేరీల్లో శ్రోతలు ఊగిపోవడం చూసి జర్మన్ కవి హైనె 1844లో ‘లిస్టోమేనియా’ అన్నాడు. 1963లో బ్రిటన్ పత్రికలు ‘బీటిల్‌మేనియా’ అన్నాయి. గుడికి లాటిన్ పేరు ‘ఫానుమ్’, దానిలోంచి ‘ఫెనటిక్’, దాన్ని కత్తిరిస్తే ‘ఫ్యాన్’. మన హీరోల కటౌట్లకు పాలాభిషేకాలు జరుగుతున్నప్పుడు ఆ మాట తన పాత గుడికి తిరిగొచ్చినట్టుంటుంది.

తెలుగుకూ తనదైన మాట ఉంది: వేలంవెర్రి. ఒకడు పాడాడు కదా అని ఇంకొకడు, వాడు పెంచాడు కదా అని వేరొకడు, వస్తువు విలువ మరచి పాట పెంచుకుంటూ పోయే స్థితిని ఇంత సూటిగా చెప్పే మాట ఇంగ్లిష్‌లో నాకు కనిపించలేదు. అందులోని ‘వేలం’ కూడా మనది కాదు. సముద్రం దాటి వచ్చిన పోర్చుగీసువారి ‘లెయిలావ్’ హిందీలో నీలాం, తమిళంలో ఏలం, మన దగ్గర వేలం అయింది. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 9999 నంబరు కోసం లక్షలకు లక్షలు పాడేవారిని చూసినప్పుడు ఏ ఇంగ్లిష్ మాటా అక్కర్లేదు.

‘వైరల్’ని ఈ వరుసలో చేర్చడం తప్పు. వైరల్ అయినదాన్ని ఎవరూ కోరుకోనక్కర్లేదు. అది కోరకుండానే ఫోన్లలోకి వచ్చి పడుతుంది.

బాంబు నుంచి బొమ్మకు

సినిమా పోస్టర్ మీద ‘బ్లాక్‌బస్టర్’ అని చూడని తెలుగువాడు ఉండడు. ఆ మాట పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో. బ్రిటన్ వైమానిక దళం 4,000 పౌండ్ల బాంబులను, అంటే దాదాపు 1,800 కిలోలవి, జర్మనీ నగరాల మీద వేసింది. వీధికి వీధిని, అంటే నగరంలోని ఒక ‘బ్లాక్’ను నేలమట్టం చేయగలదన్న అర్థంలో 1942లో పత్రికలు వాటిని బ్లాక్‌బస్టర్లన్నాయి. 1943కల్లా హాలీవుడ్ సినిమా ప్రకటనల్లోకి ఆ మాట చేరింది. టికెట్ల కోసం జనం బ్లాకు చుట్టూ బారులు తీరడం వల్ల వచ్చిందన్న కథ తర్వాత అల్లినది. 1975లో స్పీల్‌బర్గ్ ‘జాస్’ వచ్చాక వేసవిలో దేశమంతా ఒకేసారి విడుదలయ్యే భారీ చిత్రాలకు అది స్థిరమైన పేరైంది.

హైదరాబాద్‌తో ఈ మాటకు సినిమాను మించిన అనుబంధం ఒకటి ఉంది. ఏడాదికి వంద కోట్ల డాలర్లకు పైగా అమ్మకాలు సాధించిన మందును ఔషధ పరిశ్రమ ‘బ్లాక్‌బస్టర్ డ్రగ్’ అంటుంది. అలాంటి మందు పేటెంటు ఎప్పుడు ముగుస్తుందా అని జనరిక్ కంపెనీలు ఏళ్ల ముందు నుంచే లెక్కలు కడతాయి. కుంగుబాటుకు వాడే ప్రోజాక్ అలాంటి మందే. 2001 ఆగస్టులో దాని 40 మిల్లీగ్రాముల జనరిక్ రూపాన్ని అమెరికా మార్కెట్లోకి తెచ్చి, ఆరు నెలలపాటు ఇతర జనరిక్‌ల పోటీ లేకుండా అమ్ముకునే హక్కు సంపాదించింది హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్. సినిమా పోస్టర్ మొదటి ఆట ముగియకముందే బ్లాక్‌బస్టర్ అని ప్రకటిస్తుంది. మందుల పరిశ్రమలో ఆ పేరు రావాలంటే అమ్మకాల లెక్క తేలాలి. మాటను గౌరవించే పద్ధతి రెండోదే.

‘హౌస్‌ఫుల్’ బ్రిటన్ నాటకశాలల బోర్డు మీది మాట. మన టూరింగ్ టాకీసుల దాకా వచ్చి ఇక్కడే స్థిరపడింది. అమెరికాలో హౌస్‌ఫుల్ అంటే ఇంటినిండా చుట్టాలన్నట్టు వినిపిస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు అక్కడివారితో ‘సోల్డ్ అవుట్’ అనాలి. ‘బాక్సాఫీసు’ అంటే 18వ శతాబ్దంలో నాటకశాలలో పెద్దలు కూర్చునే ‘బాక్సు’ల సీట్లు అమ్మిన గది. బ్లాకు టికెట్లు అమ్మేవాడిని బ్రిటన్‌లో ‘టౌట్’ అంటారు, అమెరికాలో ‘స్కాల్పర్’ అంటారు.

మనుషుల దగ్గరికొచ్చేసరికి

ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. సరుకుకు వాడిన మాటను మనిషికి వాడితే మనిషి సరుకవుతాడు. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలంలో లక్నో జట్టు రిషభ్ పంత్‌ను 27 కోట్లకు తీసుకున్నప్పుడు ‘హాట్ ప్రాపర్టీ’ అన్న మాట గుప్పించారు. ప్రాపర్టీ అంటే ఆస్తి. అక్కడే వాడే ‘మార్క్వీ ప్లేయర్’ కాస్త నయం. మార్క్వీ అంటే మొదట పెద్ద డేరా. తర్వాత అమెరికాలో థియేటర్ గుమ్మం పైన నటుల పేర్లు దీపాలతో మెరిసే పందిరికి ఆ పేరొచ్చింది. ఎవరి పేరు చూసి జనం లోపలికొస్తారో వారు మార్క్వీ.

కంపెనీలు ఒకదాని ఉద్యోగులను ఇంకొకటి తన్నుకుపోతే ‘పోచింగ్’ అని రాస్తారు. పోచింగ్ అంటే జమీందారు అడవిలో దొంగ వేట. ఇంగ్లండ్‌లో 1723 నాటి బ్లాక్ యాక్ట్ ప్రకారం ముఖానికి మసి పూసుకుని జింకల వేటకు వెళ్తే ఉరిశిక్ష పడేది. గచ్చిబౌలిలో మంచి జీతం కోసం కంపెనీ మారిన అమ్మాయి ఎవరి అడవిలో జింకా కాదు. ఆ మాట ఉద్యోగి మీద యజమానికి సొంతదారు హక్కు ఇస్తుంది. పత్రికలు దాన్ని మానేస్తే మంచిది.

‘కవెటెడ్’ అంటే నలుగురూ ఆశపడేది. పొరుగువాడి సొత్తు ఆశించరాదన్న బైబిల్ పదో ఆజ్ఞకు 1611 నాటి ఇంగ్లిష్ అనువాదం వాడిన క్రియ ‘కవెట్’. ఒకప్పుడు పాపం, ఇప్పుడు పొగడ్త. అవార్డుకు, పదవికి, ఐఐటీ సీటుకు వాడొచ్చు. మనిషికి వాడరాదు. ‘ఓవర్‌సబ్‌స్క్రైబ్డ్’ అనాలంటే సీట్లకో షేర్లకో ఒక లెక్క ఉండాలి. సబ్‌స్క్రైబ్ అంటే కింద సంతకం పెట్టడం, ఉన్న చోటుకన్నా సంతకాలు ఎక్కువైతే ఓవర్. అమెరికా హెచ్-1బీ వీసాలు ఏటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. అడిగేవారు అంతకు మించినప్పుడల్లా లాటరీ తీస్తారు. చిలుకూరు బాలాజీ గుడిలో మొక్కుకుంటూ 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేసే మన పిల్లలకు ఈ మాట అర్థం ఎవరూ వివరించక్కర్లేదు.

మనిషికి అన్నిటికన్నా మర్యాదైన మాట ‘సాట్ ఆఫ్టర్’. వెతుక్కుంటూ వెళ్లడం అన్న పాత ఇంగ్లిష్ క్రియలోంచి వచ్చింది. ఇందులో ఎగబడటం లేదు, వేలం లేదు, వెర్రి లేదు. పనితనం తెలిసినవాళ్లు దూరమైనా సరే వెతుక్కుంటూ రావడం ఉంది. ‘పాపులర్’ దీనికి బదులు కాదు. ఊరందరికీ నచ్చినవాడు పాపులర్, ఊళ్లో సగం మందికి తెలియకపోయినా కష్టమొచ్చినవాళ్లు వెతుక్కుంటూ వచ్చే లాయరు సాట్ ఆఫ్టర్. పోచంపల్లిలో చేయి తిరిగిన ఇక్కత్ నేతగాడికి, కూచిపూడి మంచి గురువుకు, మనుషుల్ని మభ్యపెట్టకుండా నయం చేసే వైద్యుడికి ఈ మాట వాడండి.

ఉద్యోగాల కోసం రాసే పిల్లలకు ఒక మాట. రెజ్యూమెలో మీ గురించి మీరే సాట్ ఆఫ్టర్ అనో, ఇన్ హై డిమాండ్ అనో రాసుకోవద్దు. అది ఎదుటివారు అనాల్సిన మాట. నైపుణ్యానికైతే ‘ఇన్-డిమాండ్ స్కిల్’ అనొచ్చు. మీ గురించి మాత్రం మీరు చేసిన పని, దానివల్ల వచ్చిన ఫలితం రాయండి. ఇక తెలుగులో రాసేటప్పుడు గిరాకీ ఉండనే ఉంది. సంస్కృతంలోని గ్రాహకుడు, అంటే కొనేవాడు, హిందుస్తానీ, మరాఠీ నోళ్లలో నలిగి మనకు గిరాకీగా దక్కాడు. మిర్చికీ, మామిడికీ, కోర్సులకూ ఆ మాట చాలు. డిమాండ్ అన్న మాటను జీతం కోసం, హక్కు కోసం రోడ్డెక్కినవాళ్లకు వదిలేయండి.